థియోడర్ రూజ్‌వెల్ట్ సంస్కరణల్లో నిజంగా నిలిచింది ఏది?

నేలపట్టు:

రూజ్‌వెల్ట్ అనగానే మనలో చాలామందికి 1930ల నాటి ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్టే గుర్తుకు వస్తాడు. ఆయనకు దూరపు బంధువు, ఆయన కంటే మూడు దశాబ్దాల ముందు, 1901 సెప్టెంబరు నుంచి 1909 మార్చి వరకు అమెరికా అధ్యక్ష పదవిలో ఉన్న థియోడర్ రూజ్‌వెల్ట్ గురించి ఇక్కడ విడిగా చర్చించాలని ఈ అంశం మొదలుపెడుతున్నాను. ఆయన గురించి ఎవరు రాసినా గుత్త కంపెనీలను బద్దలుకొట్టిన వీరుడన్న మాటతో మొదలుపెట్టి, తరచుగా అక్కడే ఆపేస్తారు. నా అభిప్రాయం వేరు. కంపెనీలను విడగొట్టడం కంటే, వాటి తలుపులు తెరిపించి లోపల ఏం జరుగుతోందో చూసే అధికారాన్ని ప్రభుత్వానికి సంపాదించి పెట్టడమే ఆయన చేసిన అసలు పని అని నేను నమ్ముతున్నాను.

ఆ ఆలోచనకు బీజం ఎక్కడ పడిందో ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నాడు. 1882లో న్యూయార్క్ రాష్ట్ర శాసనసభలో అడుగుపెట్టేనాటికి ఆయనకు ఇరవై మూడేళ్లు. కలవారి బిడ్డ, హార్వర్డ్ పట్టభద్రుడు. అద్దె ఇళ్లలో చుట్టలు చుట్టే పనిని నిషేధించాలంటూ చుట్టల కార్మికుల సంఘం తెచ్చిన బిల్లును పరిశీలించే కమిటీలో ఆయనకు చోటు దొరికింది. యజమాని తన ఆస్తితోను, కూలీ తన శ్రమతోను ఏం చేసుకున్నా ప్రభుత్వానికి సంబంధం లేదని చిన్నప్పటి నుంచి విన్నవాడు కాబట్టి, బిల్లును వ్యతిరేకించాలనే ఉద్దేశంతోనే ఆ కమిటీలో కూర్చున్నాడు. సంఘం నాయకుడు శామ్యూల్ గోంపర్స్ ఆ ఇళ్లను స్వయంగా చూడమని పట్టుబట్టడంతో వెళ్లాడు. ఒక గదిలో ముగ్గురు మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు, కొందరు పిల్లలు ఉన్నారు. పొగాకు గదంతా పోగులు పడి ఉంది. మురికి పట్టిన పక్కల పక్కనా అదే, తిని వదిలేసిన ఆహారం ఉన్న మూలనా అదే. బొహీమియా నుంచి వలస వచ్చిన ఆ మనుషులు పగలంతా, రాత్రి చాలా పొద్దుపోయేదాకా అక్కడే పనిచేసి, అక్కడే తిని, అక్కడే పడుకునేవారు. వాళ్లకు ఇంగ్లీషు రాదు. పిల్లల్లో ఒకరికి మాత్రం నాలుగు ముక్కలు వస్తే, ఆ బిడ్డే అడిగినదానికి జవాబు చెప్పింది. రూజ్‌వెల్ట్ తిరిగి వచ్చి బిల్లు తరఫున వాదించాడు.

బిల్లు చట్టమైంది. 1885లో న్యూయార్క్ ఉన్నత న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. కార్మికుణ్ని ఇంటి పవిత్ర వాతావరణం నుంచి బయటికి నెట్టడం సరికాదని న్యాయమూర్తులు తీర్పులో రాశారు. ఆ గదులను చూసిన మనిషికి ఈ వాక్యం ఎలా తగిలి ఉంటుందో ఊహించవచ్చు. సామాజిక, పారిశ్రామిక పరిస్థితులను బాగుచేసే విషయంలో న్యాయస్థానాలకే అన్నీ తెలుసనుకోనక్కర్లేదని తనకు మొదట లీలగా అర్థమైంది ఈ కేసుతోనేనని ఆయన రాశాడు. ఆ తరువాత ఆరేళ్లు కేంద్ర సివిల్ సర్వీస్ కమిషనర్‌గా ఉండి, పార్టీ మనుషులకు ఉద్యోగాలు పంచిపెట్టే పద్ధతితో పోరాడాడు. 1895లో న్యూయార్క్ పోలీసు బోర్డు అధ్యక్షుడై, పాత్రికేయుడు జేకబ్ రీస్‌ను వెంటబెట్టుకుని అర్ధరాత్రి వీధుల్లో తిరుగుతూ, విధుల్లో లేని పోలీసులను స్వయంగా పట్టుకున్నాడు. ఏ ఉద్యోగంలో ఉన్నా తన కళ్లతో చూడనిదే నిర్ణయం తీసుకోకూడదన్న పట్టుదల ఆయనలో కనిపిస్తుంది. అధ్యక్షుడయ్యాక ఆ పట్టుదలనే శాఖలుగా, తనిఖీదార్లుగా, చట్టాలుగా మార్చాడన్నది నా వాదన. మీరేమంటారో వినాలని ఉంది.

తుంగభద్ర:

నేలపట్టు గారూ, చుట్టల కేసుతో మొదలుపెట్టడం బాగుంది. అయితే గుత్త కంపెనీల మీద ఆయన చేసిన పోరాటాన్ని మీరు మరీ పక్కకు నెట్టేశారు. నార్దర్న్ సెక్యూరిటీస్ కేసు లేకపోతే మీరు చెప్పే తనిఖీదార్లను ఏ కంపెనీ గుమ్మం ఎక్కనిచ్చేది?

అప్పటి పరిస్థితిని గుర్తు చేసుకోవాలి. గుత్తాధిపత్యాలను నిషేధించే షెర్మన్ చట్టం 1890లోనే వచ్చింది. పంచదార శుద్ధిలో దాదాపు మొత్తం వ్యాపారాన్ని ఒకే కంపెనీ చేజిక్కించుకున్న కేసులో, ఉత్పత్తి వేరు వాణిజ్యం వేరు అంటూ 1895లో సుప్రీంకోర్టు ఆ చట్టానికి కోరలు పీకేసింది. 1901లో బ్యాంకరు జె.పి. మోర్గన్, రైలు కంపెనీల అధిపతులు జేమ్స్ హిల్, హారిమన్ ముగ్గురూ కలిసి వాయవ్య రాష్ట్రాల రైలుమార్గాలను నార్దర్న్ సెక్యూరిటీస్ అనే ఒకే గొడుగు కంపెనీ కిందికి తెచ్చారు. 1902 ఫిబ్రవరిలో అధ్యక్షుడు ఆ కంపెనీపై కేసు వేయిస్తున్నట్టు ప్రకటించాడు. మంత్రివర్గంలో అటార్నీ జనరల్ నాక్స్‌కు తప్ప మరెవరికీ ఆ సంగతి ముందుగా తెలియదు. హడావుడిగా వాషింగ్టన్ వచ్చిన మోర్గన్, మా వైపు పొరపాటు ఏదైనా ఉంటే మీ మనిషిని మా మనిషి దగ్గరికి పంపండి, వాళ్లిద్దరూ సరిచేసుకుంటారు అన్నాడు. దేశాధ్యక్షుణ్ని తనతో సమానమైన మరో వ్యాపారిగా మాత్రమే ఆయన చూశాడన్నమాట. 1904 మార్చిలో సుప్రీంకోర్టు అయిదుకు నాలుగు ఓట్లతో ప్రభుత్వం పక్షాన తీర్పు ఇచ్చింది. రూజ్‌వెల్ట్ స్వయంగా నియమించిన న్యాయమూర్తి ఆలివర్ వెండెల్ హోమ్స్ వ్యతిరేకంగా రాసినా తీర్పు ఆగలేదు. ఆ ఒక్క ఓటు తేడాతో చచ్చిన చట్టం లేచి కూర్చుంది. దీన్ని చిన్న విషయంగా చూడలేం.

బొగ్గుబాయి:

నేను కొత్తగూడెం దగ్గర పుట్టి పెరిగినవాణ్ని, మా ఇంట్లో రెండు తరాలు బొగ్గు గనుల్లో పనిచేశాయి. అందుకే 1902 నాటి పెన్సిల్వేనియా సమ్మె గురించి ఎవరూ ఎత్తకముందే నేను రాయాలనుకున్నాను. రూజ్‌వెల్ట్ జీవితంలో నన్ను అన్నిటికంటే కదిలించే ఘట్టం అదే.

ఆ సమ్మెలో గట్టి బొగ్గు తవ్వే కార్మికులు దాదాపు లక్షా నలభై వేల మంది, అంతకంటే ఎక్కువే, 1902 మే నెలలో పని ఆపేశారు. కూలి పెంచాలని, పని గంటలు తగ్గించాలని, సంఘాన్ని గుర్తించాలని అడిగారు. తూకం వాళ్ల పెద్ద బాధ. తవ్విన బొగ్గును టన్నుల లెక్కన కొనేటప్పుడు, మామూలు టన్ను కంటే చాలా ఎక్కువ బరువు తూగితే తప్ప కంపెనీ దాన్ని ఒక టన్నుగా లెక్కించేది కాదు. పైగా రాయి కలిసిందంటూ కోత వేసేది. తట్టలో ఎంత బొగ్గు పోశామో మనకు తెలిసి, కాగితం మీద ఎంత పడిందో మన చేతిలో లేకపోవడం ఎలా ఉంటుందో గని కుటుంబాలకు వేరే చెప్పనక్కర్లేదు.

గనులన్నీ రైలు కంపెనీల చేతుల్లో ఉన్నాయి. వాటి ప్రతినిధిగా మాట్లాడిన జార్జ్ బేర్, దేవుడు తన అపార జ్ఞానంతో ఈ దేశపు ఆస్తిని ఏ క్రైస్తవ పెద్దమనుషుల చేతిలో పెట్టాడో వాళ్లే కార్మికుల బాగోగులు చూసుకుంటారని ఒక ఉత్తరంలో రాశాడు. ఆ ఉత్తరం పత్రికల్లో అచ్చయ్యాక జనం భగ్గుమన్నారు. చలికాలం దగ్గర పడుతోంది. తూర్పు నగరాల్లో ఇళ్లు వెచ్చబెట్టుకోవడానికి ఆ బొగ్గే ఆధారం. అంతకుముందు పారిశ్రామిక సమ్మెల్లో కేంద్రం జోక్యం చేసుకుందంటే యజమానుల తరఫున సైన్యాన్ని దింపడానికే. 1894లో రైల్వే కార్మికుల పుల్మన్ సమ్మెను అప్పటి అధ్యక్షుడు క్లీవ్‌లాండ్ అలాగే అణిచివేశాడు.

అక్టోబరు 3న రూజ్‌వెల్ట్ ఇరుపక్షాలనూ వాషింగ్టన్ పిలిపించాడు. ఒక నెల ముందు మసాచుసెట్స్‌లో ఆయన ఎక్కిన గుర్రపు బండిని ట్రాం గుద్దడంతో కాలికి పెద్ద గాయమై, ఆ రోజు చక్రాల కుర్చీలోనే కూర్చున్నాడు. కార్మికుల నాయకుడు జాన్ మిచెల్, అధ్యక్షుడు నియమించే సంఘం ఏ తీర్పు చెప్పినా తలవంచుతామన్నాడు. యజమానులు మిచెల్‌తో నేరుగా మాట్లాడటానికి కూడా ఒప్పుకోకుండా, సమ్మెకారుల మీదికి సైన్యాన్ని పంపమని అధ్యక్షుడికే పాఠం చెప్పారు. ఆ గదిలో పెద్దమనిషిలా ప్రవర్తించింది ఒక్క మిచెల్లేనని రూజ్‌వెల్ట్ తరువాత చెప్పుకున్నాడు. చర్చలు విఫలం కాగానే, అవసరమైతే సైన్యంతో గనులను స్వాధీనం చేసుకుని ప్రభుత్వం తరఫున నడిపించడానికి జనరల్ షోఫీల్డ్‌ను సిద్ధం చేశాడు. యుద్ధ మంత్రి ఎలిహు రూట్ న్యూయార్క్‌లో మోర్గన్ పడవ మీదే ఆయనతో మాట్లాడి, మధ్యవర్తి సంఘానికి యజమానులను ఒప్పించాడు.

ఇక్కడ ఒక చిన్న చిక్కు వచ్చింది. ఆ మధ్యవర్తి సంఘంలో కార్మిక నాయకుడు ఉండటానికి యజమానులు ససేమిరా అన్నారు. కానీ వాళ్ల జాబితాలో పేరుపొందిన సామాజిక శాస్త్రవేత్త ఒకరికి ఒక స్థానం ఉంది. రూజ్‌వెల్ట్ ఆ స్థానంలో రైల్వే కండక్టర్ల సంఘం నాయకుడు క్లార్క్‌ను కూర్చోబెట్టాడు. హోదా పేరు మారితే చాలు, యజమానులకు ఆ మనిషితో పేచీ లేకపోయింది. సంఘం ముందు కార్మికుల తరఫున క్లారెన్స్ డారో వాదించాడు. బొగ్గులో రాళ్లు ఏరే చిన్నపిల్లలు కూడా వచ్చి సాక్ష్యం చెప్పారు. 1903 మార్చిలో వచ్చిన తీర్పులో పది శాతం కూలి పెంపు, చాలామందికి పది గంటలకు బదులు తొమ్మిది గంటల పని, తూకం దగ్గర తమ సొంత మనిషిని పెట్టుకునే హక్కు కార్మికులకు దక్కాయి. కార్మిక సంఘానికి గుర్తింపు మాత్రం దక్కలేదు.

నేలపట్టు గారి వాదనకు ఈ తీర్పులోని తూకం మనిషే మంచి రుజువు అని నాకనిపిస్తుంది. పెంచిన కూలిని రేపు మరో లెక్కతో తగ్గించవచ్చు. కాటా దగ్గర మనవాడు నిలబడి చూస్తుంటే అది అంత సులువు కాదు.

నాణ్యత విభాగం:

హైదరాబాదులో ఒక మందుల తయారీ సంస్థలో నాణ్యత విభాగంలో ఉద్యోగం చేస్తున్నాను. అమెరికాకు ఎగుమతి చేసే ప్రతి ప్లాంటులో ఆ దేశపు ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీ అన్నమాట వినపడగానే ఉండే హడావుడి ఈ వేదికలో చాలామందికి తెలుసు. ఆ సంస్థ మూలాలు రూజ్‌వెల్ట్ 1906 జూన్ 30న సంతకం చేసిన రెండు చట్టాల్లో ఒకదానిలో ఉన్నాయి కాబట్టి ఈ సంగతి కొంత వివరంగా రాస్తాను.

వ్యవసాయ శాఖలో ప్రధాన రసాయన శాస్త్రవేత్త హార్వీ వైలీ ఆహార కల్తీపై చట్టం కావాలని ఏళ్ల తరబడి పోరాడుతున్నాడు. 1902లో ఆయన ఆరోగ్యంగా ఉన్న యువ ఉద్యోగులను కొందరిని స్వచ్ఛందంగా ఎంచుకుని, బోరాక్స్ వంటి నిల్వ పదార్థాలు కలిపిన భోజనం పెట్టి, వాళ్ల ఆరోగ్యం ఎలా మారుతోందో నమోదు చేశాడు. పత్రికలు వాళ్లకు విషదళం అని పేరు పెట్టాయి. ఈరోజు అటువంటి ప్రయోగానికి ఎవరూ అనుమతి ఇవ్వరు. కానీ అప్పట్లో ఆ పదార్థాల వాడకాన్ని ఆపే చట్టమే లేదు.

మాంసం సంగతి వేరుగా కదిలింది. షికాగో కబేళాల్లో కార్మికుల బతుకు మీద అప్టన్ సింక్లెయిర్ రాసిన నవల 1906 మొదట్లో పుస్తకంగా వచ్చింది. సింక్లెయిర్ సోషలిస్టు, ఆయన కోరుకున్నది కార్మికుల పట్ల సానుభూతి. పాఠకులు మాత్రం తమ పళ్లెంలోకి వస్తున్న మాంసం గురించి భయపడ్డారు. రూజ్‌వెల్ట్‌కు ఆయన రాజకీయాలు నచ్చలేదు, అయినా చార్లెస్ నీల్, జేమ్స్ రేనాల్డ్స్ అనే ఇద్దరిని షికాగో పంపి నిజానిజాలు విచారించమన్నాడు. వాళ్లు తెచ్చిన నివేదికను వెంటనే బయటపెట్టలేదు. బిల్లుకు అడ్డం పడితే ప్రచురిస్తానని దాన్నే ఆయుధంగా పట్టుకున్నాడు. మాంసం కంపెనీల మిత్రులు దిగువ సభలో బిల్లును నీరుగార్చబోయేసరికి జూన్‌లో కొంత భాగం బయటపెట్టాడు. యూరప్‌లో అమెరికా మాంసం అమ్మకాలు పడిపోయేసరికి, ప్రభుత్వ ముద్ర తమకే మేలని పెద్ద కంపెనీలకు కూడా అర్థమైంది.

రాజీలో రెండు ముఖ్యమైన అంశాలు పోయాయి. తనిఖీ ఖర్చు కంపెనీలే భరించాలన్న నిబంధన పోయి ప్రభుత్వం మీద పడింది. డబ్బాల మీద తయారీ తేదీ వేయాలన్న నిబంధన కూడా పోయింది. తేదీ లేని డబ్బాను ఈరోజు మన కిరాణా కొట్టులో కూడా ఎవరూ కొనరు, అందుకే ఆ రెండో ఓటమి నాకు ఎక్కువ బాధ కలిగిస్తుంది. అయినా రాష్ట్రాల సరిహద్దు దాటే ప్రతి మాంసపు ముక్కను ప్రభుత్వ ఉద్యోగి కబేళాలో నిలబడి చూసి ముద్ర వేయాలన్న నియమం నిలిచింది.

మందుల చట్టంలో ఉన్నది చాలా తక్కువ. సీసాలో సారాయి, నల్లమందు, మార్ఫిన్, కొకెయిన్ వంటివి ఉంటే చీటీ మీద రాయాలి, ఉన్నదాని గురించి అబద్ధం చెప్పకూడదు. అమ్మే ముందు మందు సురక్షితమని రుజువు చేయనక్కర్లేదు. జబ్బు నయమవుతుందని తప్పుడు హామీ ఇవ్వడం ఈ చట్టం కిందికి రాదని 1911లో సుప్రీంకోర్టు అనడంతో, మరుసటి ఏడాది చట్టాన్ని సవరించాల్సి వచ్చింది. 1937లో సల్ఫా మందును విషపూరిత ద్రావకంలో కలిపి అమ్మినందువల్ల వంద మందికి పైగా చనిపోయాకే, ముందుగా భద్రత చూపించాలన్న 1938 చట్టం వచ్చింది. ఆ పునాది మీదే ఈనాటి మన ప్లాంట్ల తనిఖీలు జరుగుతున్నాయి.

తుంగభద్ర:

చక్కటి వివరణ. ఒక్క మాట చేరుస్తాను. అదే ఏడాది వచ్చిన హెప్బర్న్ చట్టం రైలు ఛార్జీలకు గరిష్ఠ పరిమితి విధించే అధికారాన్ని అంతర్రాష్ట్ర వాణిజ్య సంఘం అనే ప్రభుత్వ సంస్థకు ఇచ్చింది. రైలు కంపెనీలన్నీ ఒకే పద్ధతిలో లెక్కలు రాయాలని, ఆ లెక్కలను ప్రభుత్వానికి చూపించాలని కూడా శాసించింది. ఛార్జీల సంగతి అందరూ రాస్తారు, లెక్కల పుస్తకాల సంగతి ఎవరూ రాయరు. నేలపట్టు గారి వాదనకు ఇది బలమని ఒప్పుకోక తప్పదు.

నల్లమల:

అడవుల గురించి ఇంతవరకు ఎవరూ రాయలేదు. చూసే అధికారం గురించి గొప్పగా మాట్లాడుకుంటున్నాం. ఆ అధికారం ఎవరి మీదికి వెళ్లిందో కూడా మాట్లాడుకోవాలి.

ఆయన హయాంలో దాదాపు 23 కోట్ల ఎకరాల ప్రభుత్వ భూమి రక్షణ కిందికి వచ్చింది. 1903లో ఫ్లోరిడాలోని పెలికాన్ దీవిని గూడబాతుల కోసం మొదటి పక్షుల ఆశ్రయంగా ప్రకటించాడు. 1905లో అటవీ సేవా విభాగం ఏర్పడి గిఫర్డ్ పించో దానికి అధిపతి అయ్యాడు. 1907లో జరిగింది చదివితే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. కలప కంపెనీల ఒత్తిడితో ఒరెగాన్ సెనేటర్ ఫుల్టన్ వ్యవసాయ శాఖ నిధుల బిల్లుకు ఒక తోక తగిలించాడు. ఆరు వాయవ్య రాష్ట్రాల్లో ఇకపై అధ్యక్షుడు కొత్త అడవులను రిజర్వు చేయకూడదన్నది దాని సారాంశం. నిధులు కావాలంటే సంతకం పెట్టక తప్పదు, గడువు మార్చి 4. పించో, ఆయన సిబ్బంది రాత్రింబవళ్లు నేల మీద పటాలు పరుచుకుని హద్దులు గీశారు. రూజ్‌వెల్ట్ 1 కోటి 60 లక్షల ఎకరాలను రిజర్వు చేస్తూ ప్రకటనల మీద సంతకాలు పెట్టాడు, ఆ తరువాతే బిల్లు మీద పెట్టాడు.

ఇక రెండో వైపు చూద్దాం. పించో యువకుడిగా యూరప్‌లో అటవీ విద్య నేర్చుకున్నప్పుడు ఆయనకు మార్గదర్శకుడైన డీట్రిచ్ బ్రాండిస్ ఎవరో తెలుసా? బ్రిటిష్ ఇండియాలో మొట్టమొదటి అటవీ ఇన్‌స్పెక్టర్ జనరల్. అంటే మన అడవుల మీద ప్రభుత్వ పెత్తనాన్ని తీర్చిదిద్దిన మనిషి ఆలోచనే అట్లాంటిక్ దాటి అక్కడికి వెళ్లింది. 1906 నుంచి అమెరికా అడవుల్లో పశువుల మేతకు రుసుము వసూలు మొదలైంది. మనం దాన్ని పుల్లరి అంటాం. పశ్చిమ రాష్ట్రాల పశువుల ఆసాములు దాన్ని ప్రతిఘటించారు, సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1911లో ఓడిపోయారు. వాళ్లకు ఓటు ఉంది, సెనేటర్లు ఉన్నారు, కోర్టు ఉంది. పల్నాడులో అదే పుల్లరికి వ్యతిరేకంగా నిలబడిన కన్నెగంటి హనుమంతుకు ఇవేవీ లేవు, తుపాకి గుండ్లు ఎదురయ్యాయి.

అమెరికాలో కూడా హనుమంతు స్థితిలో ఉన్నవాళ్లు ఉన్నారు. న్యూమెక్సికోలో టావోస్ పుయెబ్లో ఆదివాసులు పవిత్రంగా కొలిచే నీలి సరస్సును 1906లో వాళ్ల అనుమతి లేకుండా జాతీయ అడవిలో కలిపేశారు. దాన్ని తిరిగి పొందడానికి ఆ ప్రజలకు 1970 దాకా పోరాటం తప్పలేదు. మోంటానాలో అడవి దున్నల సంరక్షణ కోసం 1908లో ఫ్లాట్‌హెడ్ ఆదివాసుల భూమి నుంచి తీసుకున్న స్థలం 2020లో గాని తిరిగి వాళ్ల చేతికి రాలేదు. అడవి మిగిలినందుకు నేను సంతోషిస్తాను. కానీ ఆ అడవిలో మనుషులు లేరన్నట్టు పటం గీసినవాళ్లను పూర్తిగా క్షమించలేను.

డాలస్ నివాసి:

నల్లమల గారు తెరిచిన దారిలోనే మరో విషయం రాస్తాను. నేను ఉంటున్న టెక్సాస్ రాష్ట్రంలోనే, దక్షిణ కొసన బ్రౌన్స్‌విల్ అనే ఊరు ఉంది. 1906 ఆగస్టులో ఒక అర్ధరాత్రి ఆ ఊళ్లో కాల్పులు జరిగి ఒకరు చనిపోయారు, ఒక పోలీసు గాయపడ్డాడు. పక్కనే ఉన్న కోటలో కొత్తగా దిగిన నల్లజాతి సైనికుల మీద ఊరివాళ్లు నేరం మోపారు. సైనికులు ఆ సమయంలో బారకుల్లోనే ఉన్నారని వాళ్ల తెల్లజాతి అధికారులే చెప్పారు. దొరికిన తూటాల మీద కూడా గట్టి అనుమానాలు ఉన్నాయి. ఎవరు కాల్చారో చెప్పనందుకు మొత్తం 167 మందిని, విచారణ అనేదే లేకుండా, గౌరవం లేని బర్తరఫ్‌తో రూజ్‌వెల్ట్ సైన్యం నుంచి తీసేశాడు. వాళ్లలో ఇరవై ఏళ్లకు పైగా సేవ చేసినవాళ్లు ఉన్నారు. వాళ్లకు పింఛను హక్కు పోయింది. ఉత్తరాది నల్లజాతి ఓటర్లకు తెలియకుండా ఆ ఉత్తర్వును నవంబరు ఎన్నికలు అయ్యేదాకా తొక్కిపెట్టారు.

పదవిలోకి వచ్చిన కొత్తలో నల్లజాతి నాయకుడు బుకర్ టి. వాషింగ్టన్‌ను అధ్యక్ష భవనంలో భోజనానికి పిలిచి, దక్షిణాది పత్రికల బూతులు భరించిన మనిషే ఈ పని చేశాడు. సెనేటర్ ఫోరేకర్ ఎన్ని సాక్ష్యాలు చూపించినా వెనక్కి తగ్గలేదు. తన ఆత్మకథలో ఈ ఉదంతం ఊసే ఎత్తలేదు. 1972లో సైన్యం ఆ బర్తరఫ్‌ను రద్దు చేసేనాటికి దాదాపు అందరూ చనిపోయారు. నేలపట్టు గారూ, చుట్టల గదిలోకి స్వయంగా వెళ్లి చూసినవాడు, షికాగోకు సొంత మనుషుల్ని పంపినవాడు, ఈ 167 మంది విషయంలో ఒక్కొక్కరి మాట విడివిడిగా వినడానికి ఎందుకు నిరాకరించాడు? ఆయన సంస్కరణల గురించి మాట్లాడేటప్పుడు ఈ ప్రశ్నను చివరి పేరాకు నెట్టే అలవాటు నాకు నచ్చదు.

భారతీయులుగా మనం ఇంకొకటి కూడా గుర్తుంచుకోవాలి. పదవి దిగిపోయే ముందు, 1909 జనవరిలో వాషింగ్టన్‌లో చేసిన ప్రసంగంలో ఆయన మన దేశంలో బ్రిటిష్ పాలనను బాహాటంగా మెచ్చుకున్నాడు. అది వందేమాతరం ఉద్యమంలో రాజమండ్రి, కాకినాడ కుర్రాళ్లను బడుల నుంచి వెళ్లగొట్టిన కాలం.

నేలపట్టు:

డాలస్ నివాసి గారూ, మీ ప్రశ్నకు నా దగ్గర ఉన్న జవాబు ఆయనకు గౌరవం తెచ్చేది కాదు. ఎవరి మాటకు విలువ ఇవ్వాలో ముందే నిర్ణయించుకున్న చోట ఆయన చూడటానికి వెళ్లలేదు. 1912లో కొత్తగా పెట్టిన ప్రోగ్రెసివ్ పార్టీ సభకు దక్షిణాది నుంచి వచ్చిన నల్లజాతి ప్రతినిధులను కూడా, తెల్ల ఓట్లు పోతాయన్న లెక్కతో కూర్చోనివ్వలేదు. సంఘసేవకురాలు జేన్ ఆడమ్స్ ఆ సభలోనే ఆయన అభ్యర్థిత్వాన్ని బలపరిచింది. నల్లజాతి వారి విషయంలో మనసు నొచ్చుకుంటూనే బలపరిచింది.

ఆ 1912 గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే ఆయన ఆలోచన పూర్తిగా విచ్చుకున్నది పదవిలో ఉన్నప్పుడు కాదు, పదవి పోయాక. 1910 ఆగస్టు 31న కాన్సస్‌లోని ఒసావటోమీలో మాట్లాడుతూ, సమాజ క్షేమం కోరితే ఆస్తిని ఎంత మేరకైనా నియంత్రించే హక్కు సమాజానికి ఉందన్నాడు. 1912 ఫిబ్రవరిలో ఒహాయోలో మాట్లాడుతూ, కార్మిక చట్టాన్ని రాష్ట్ర న్యాయస్థానం కొట్టేస్తే, ఆ తీర్పును ప్రజలు ఓటు వేసి తిప్పికొట్టగలగాలన్నాడు. అప్పటి సొంత రిపబ్లికన్ పార్టీలోని మితవాదులు చాలామంది ఈ మాటతోనే ఆయనకు దూరమయ్యారు. నాకు మాత్రం అది 1885 నాటి చుట్టల తీర్పుకు ఇరవై ఏడేళ్ల తరువాత ఇచ్చిన సమాధానంలా కనిపిస్తుంది. ప్రోగ్రెసివ్ పార్టీ ప్రణాళికలో స్త్రీలకు ఓటు, ఎనిమిది గంటల పని, బాలకార్మిక నిషేధం, వ్యాధికీ నిరుద్యోగానికీ వృద్ధాప్యానికీ సామాజిక బీమా ఉన్నాయి.

అక్టోబరు 14న మిల్వాకీలో ఒకడు ఆయన ఛాతీ మీద కాల్చాడు. కోటు జేబులో మడిచి పెట్టుకున్న యాభై పేజీల ప్రసంగం, కళ్లద్దాల పెట్టె తూటా వేగాన్ని తగ్గించాయి. తూటా ఒంట్లో ఉండగానే గంటకు పైగా మాట్లాడాడు. అధ్యక్ష ఎన్నికల్లో డెమొక్రాట్ విల్సన్‌కు 435, రూజ్‌వెల్ట్‌కు 88, ఆయన తరువాత అధ్యక్షుడై అప్పుడు అధికారంలో ఉన్న టాఫ్ట్‌కు 8 ఎలక్టోరల్ ఓట్లు వచ్చాయి. ఆ ప్రణాళికలోని బీమా 1935లో మరో రూజ్‌వెల్ట్ చేతుల మీదుగా కొంతవరకు చట్టమైంది.

తుంగభద్ర:

నేలపట్టు గారి వాదనలో నాకు ఇప్పటికీ ఒక లోపం కనిపిస్తోంది. చూసే అధికారం సరే, చూసినదాన్ని ఎవరికి చెబుతారు? 1903లో ఏర్పడిన కార్పొరేషన్ల బ్యూరో కంపెనీల లెక్కలు తెప్పించుకోగలదు, కానీ వాటిని బయటపెట్టాలా వద్దా అన్నది అధ్యక్షుడి ఇష్టం. మోర్గన్ స్థాపించిన ఉక్కు కంపెనీ యు.ఎస్. స్టీల్‌తోను, వ్యవసాయ యంత్రాల కంపెనీ ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తోను ఆయన ప్రభుత్వానికి ఒక అవగాహన ఉండేది. పుస్తకాలు చూపిస్తే, లోపాలను కేసు దాకా పోకుండా లోపలే సరిచేసుకోవచ్చు. మోర్గన్ 1902లో అడిగిన మాటకు ఇది ఎంత దగ్గరగా ఉందో చూడండి.

1907 నవంబరు 4న దీని ఫలితం కనిపించింది. ఆర్థిక సంక్షోభం నడుస్తోంది. యు.ఎస్. స్టీల్ తరఫున గ్యారీ, ఫ్రిక్ పొద్దున్నే, స్టాక్ మార్కెట్ తెరవక ముందే అధ్యక్ష భవనానికి వచ్చి, టెనెసీ కోల్ అండ్ ఐరన్ కంపెనీని తాము కొనకపోతే ఒక పెద్ద సంస్థ కూలిపోతుందన్నారు. అభ్యంతరం చెప్పనని రూజ్‌వెల్ట్ మాట ఇచ్చాడు. 1911లో టాఫ్ట్ ప్రభుత్వం వేసిన కేసులో ఈ కొనుగోలునే నేరంగా చూపించేసరికి, ఇద్దరి స్నేహం పూర్తిగా తెగిపోయింది. రూజ్‌వెల్ట్ ఏడున్నరేళ్లలో వేయించిన కేసులు నలభైకి పైగా ఉంటే, టాఫ్ట్ నాలుగేళ్లలోనే అంతకంటే ఎక్కువ వేయించాడు. మంచి ట్రస్టు (అంటే గుత్త కంపెనీ) ఏదో చెడ్డ ట్రస్టు ఏదో ఒక మనిషి విచక్షణకు వదిలేసే పద్ధతి కంటే, కోర్టులో బహిరంగంగా తేల్చుకునే పద్ధతే నాకు న్యాయంగా తోస్తుంది.

నేలపట్టు:

ఇది నా వాదనకు ఇంతవరకు వచ్చిన అన్నిటికంటే గట్టి అభ్యంతరం. అదే బ్యూరో స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ రైళ్ల నుంచి రహస్యంగా రాయితీలు పొందుతున్న వైనాన్ని 1906లో నివేదికగా ప్రచురించింది. అదే ఏడాది ప్రభుత్వం కేసు వేసింది, 1911లో సుప్రీంకోర్టు ఆ కంపెనీని విడగొట్టింది. చూసినదాన్ని బయటపెట్టిన చోట ఫలితం అలా ఉంది. దాచిపెట్టిన చోట ఏమైందో మీరు రాశారు. విల్సన్ హయాంలో 1914 చట్టం ఆ బ్యూరో స్థానంలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌ను నిలబెట్టి, అధ్యక్షుడి గుప్పిట్లోంచి ఆ అధికారాన్ని కొంత బయటికి తీసింది.

నాణ్యత విభాగం:

తుంగభద్ర గారు అడిగిన ప్రశ్న మా రంగంలో ఈనాటికీ నడుస్తున్నదే. ఎఫ్‌డీఏ తనిఖీ ముగిశాక లోపాలను రాసి ఇచ్చే 483 పత్రాల్లో కొన్నిటిని, హెచ్చరిక లేఖలను ఆ సంస్థ తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. అవి బయటికి వచ్చిన రోజున షేరు ధర పడిపోతుంది కాబట్టి యాజమాన్యాలు వాటికి భయపడతాయి. వాటిని చదివి ఇతర ప్లాంట్లలో మావంటివాళ్లం మా పద్ధతులు సరిచేసుకుంటాం. లోపం యాజమాన్యానికీ తనిఖీదారుకూ మధ్యే ఉండిపోతే ఆ మందు మింగే రోగికి ఏమీ తెలియదు, పక్క ప్లాంటువాళ్లూ ఏమీ నేర్చుకోలేరు. అందుకే 1906 జూన్‌లో రూజ్‌వెల్ట్ ఆ నివేదికలో కొంత భాగమే బయటపెట్టి మిగతాది బేరానికి అట్టేపెట్టుకోవడం నాకు సమ్మతం కాదు. మొత్తం మొదటే ప్రచురించి ఉంటే డబ్బా మీద తేదీ నిబంధన నిలిచేదేమోనని నా నమ్మకం. దీని మీద బొగ్గుబాయి గారి అభిప్రాయం కూడా వినాలని ఉంది. కాటా దగ్గరి మనిషి తాను చూసిన తూకాన్ని గని అంతటికీ చెప్పగలిగితేనే కదా ఆయన అక్కడ ఉండి ప్రయోజనం.